రెండో మనిషి

ఏడాది నిండిన పిల్లలు వేలు చూపించడం మొదలుపెడతారు. అల్మరా మీదున్న బిస్కెట్ల డబ్బాను చూపించే వేలు ఒకటి, డాబా మీదుగా పోతున్న విమానాన్ని చూపించే వేలు ఇంకొకటి. చూడ్డానికి ఒకలాగే ఉంటాయి గానీ రెండింటి పనీ వేరు. మొదటిదానికి డబ్బా అందితే చాలు, ఎవరు అందించినా ఒకటే. రెండోదానికి విమానం చేతికి అందనక్కర్లేదు. తను చూస్తున్నదాన్ని అమ్మ కూడా చూడాలి, చూసినట్టు ఆమె మొహంలో తెలియాలి. అందుకే వేలు చూపించిన పిల్ల వెంటనే వెనక్కి తిరిగి అమ్మ వంక చూస్తుంది. ఎలిజబెత్ బేట్స్, ఆమె ఇటాలియన్ సహచరులు 1975లో ఈ రెండు వేళ్లనూ విడదీసి వర్ణించారు.

ఆటిజం ఉన్న పిల్లల్లో మొదటి వేలు ఆలస్యంగానైనా వస్తుంది. కొందరు వేలికి బదులు అమ్మ మణికట్టు పట్టుకుని లాక్కెళ్లి, ఆమె చేతిని తలుపు గొళ్లెం మీద పెడతారు. రెండో వేలు మాత్రం చాలాకాలం కనబడదు. ఏడాదిన్నర, రెండేళ్ల వయసులో ఆటిజం ఆనవాళ్లు వెతికే ప్రశ్నావళుల్లో ఈ వేలి గురించి అడగడానికి కారణం ఇదే. మాటలు రాలేదని కంగారుపడే తల్లిదండ్రులు వేలి సంగతి గమనించరు. ఇంట్లో పెద్దవాళ్లు కంగారు కూడా పడనివ్వరు. "వాళ్ల నాయినకు గూడ నాలుగేండ్లకే మాటలొచ్చినయ్, ఊకె పరేషాన్ గాకు బిడ్డా" అంటుంది నాయనమ్మ. నిజమే అయి ఉంటుంది. అయితే ఆ నాయన రెండేళ్లప్పుడు విమానాన్ని చూపించాడా లేదా అన్నది కూడా ఆమెను అడగాలి.

ఆ వేలి కథలో ముగ్గురున్నారు: పిల్ల, విమానం, అమ్మ. రెండో మనిషైన అమ్మను తీసేస్తే వేలికి పని లేదు. సాంఘిక ఎదుగుదల అనగానే మనకు మాత్రం పిల్లవాడొక్కడే గుర్తొస్తాడు. వాడిలో ఏదో తక్కువైంది, థెరపీ సెంటరుకు పంపితే అక్కడ నింపి పంపిస్తారు అనుకుంటాం. గంటకింత అని ఫీజు కట్టి, బయట బెంచీ మీద కూర్చుని, లోపలి నుంచి వాడు మారి వస్తాడని ఎదురుచూస్తాం. ఆటిజం మీద గత పదిహేనేళ్లలో వచ్చిన మంచి పరిశోధన చాలావరకు ఆ బెంచీ మీద కూర్చున్నవాళ్ల వైపు తిరిగింది.

*

హైదరాబాదులో జీడిమెట్ల నుంచి సుచిత్ర మీదుగా బోయిన్‌పల్లి వైపు వస్తే మనోవికాస్ నగర్ తగులుతుంది. బుద్ధిమాంద్యం ఉన్నవారి కోసం కేంద్ర ప్రభుత్వం 1984లో పెట్టిన జాతీయ సంస్థ అక్కడే ఉంది. ఇప్పటి పేరు ఎన్ఐఈపీఐడీ, పాతవాళ్ల నోట్లో ఎన్ఐఎంహెచ్. మన దేశంలో ఆటిజం ధ్రువపత్రాలకు వాడే 'ఇండియన్ స్కేల్ ఫర్ అసెస్‌మెంట్ ఆఫ్ ఆటిజం' తయారైంది ఇక్కడే. అందులో 40 అంశాలుంటాయి. ఒక్కోదానికి 1 నుంచి 5 దాకా మార్కులు. మొత్తం 70 నుంచి ఆటిజం, 107 నుంచి మధ్యస్థం, 153 దాటితే తీవ్రం. వైకల్య ధ్రువపత్రాలిచ్చే సదరం క్యాంపుల చుట్టూ తిరిగిన తల్లిదండ్రులకు ఈ అంకెలు రేషన్ కార్డు నంబరులా కంఠతా ఉంటాయి.

ఆ నలభైలో మొదటి అంశం చూపు కలపకపోవడం. తర్వాత నవ్వుకు నవ్వు బదులివ్వకపోవడం, దూరంగా ఉండిపోవడం. బజారులో ఎవరినీ పట్టించుకోని పిల్లవాడు, ఇంట్లో అన్నయ్య చుట్టూ తిరిగే పిల్లవాడు ఒకడే కావచ్చు, కాగితం మీద ఒకే అంకె వస్తుంది. ఎదుటివాళ్లు ఎవరు, వాళ్లు ఏం చేశారు అన్న ప్రశ్న ఆ నలభైలో లేదు. కొలతను తప్పు పట్టడానికి ఈ మాట అనడం లేదు. పింఛనుకూ రాయితీలకూ చట్టం అడిగేది ఒక మనిషి శాతం, అది చెప్పడానికే ఈ కొలత. చిక్కు ఎక్కడొస్తుందంటే, ధ్రువపత్రం కోసం చేసిన కొలతే పిల్లవాడికి నేర్పాల్సిన పాఠాల పట్టీగా మారిపోయినప్పుడు. చూపు కలపడు అని రాశారు కాబట్టి చూపు కలపడం నేర్పుదాం అని బయల్దేరతాం.

ఎంతమంది పిల్లల సంగతి ఇది? 2018లో ప్రచురితమైన ఒక పెద్ద భారతీయ అధ్యయనం పల్వల్, కాంగ్రా, ఢెంకనాల్, ఉత్తర గోవాలతో పాటు హైదరాబాదులోనూ ఇంటింటికీ వెళ్లి 2 నుంచి 9 ఏళ్ల పిల్లల్ని పరీక్షించింది. ఆటిజం సుమారు నూటికొకరికి ఉన్నట్టు తేలింది. ఆ లెక్కన రెండు వేల మంది చదివే బడిలో ఇరవై మంది. అమెరికాలో సంఖ్య ఇంకా ఎక్కువ, 2022 లెక్కల్లో ఎనిమిదేళ్ల పిల్లల్లో 31 మందికి ఒకరు. గుర్తించే పద్ధతులూ నిర్వచనాలూ వేరు కాబట్టి ఈ రెంటినీ పక్కపక్కన పెట్టి పోల్చకూడదు.

*

తప్పు ఎవరిది అన్న ప్రశ్నను ముందు వదిలించుకోవాలి, లేకపోతే ఆ తర్వాత చెప్పేదేదీ తల్లి చెవికెక్కదు.

లియో కానర్ 1943లో పదకొండు మంది పిల్లల గురించి రాసి ఆటిజానికి వైద్యశాస్త్రంలో చోటిచ్చాడు. తల్లిదండ్రుల చల్లదనం గురించి అతనూ కొన్ని మాటలన్నాడు. బ్రూనో బెటెల్‌హైమ్ 1967లో ఆ మాటల్ని ఒక సిద్ధాంతంగా సాగదీశాడు. తల్లి ప్రేమ లేక పిల్లవాడు కోట కట్టుకుని లోపల కూర్చున్నాడట. ఒక తరం తల్లులు ఆ పుస్తకం మోపిన నేరాన్ని మోశారు. ఆటిజం ఉన్న కొడుకు తండ్రి, మనస్తత్వ శాస్త్రవేత్త బెర్నార్డ్ రిమ్‌లాండ్ అంతకు మూడేళ్ల ముందే, 1964లో, ఇది మెదడు నిర్మాణానికి సంబంధించిన విషయమని వాదించాడు. 1977లో సూసన్ ఫోల్‌స్టీన్, మైకేల్ రట్టర్ 21 కవల జంటల్ని పరిశీలించి జన్యువుల పాత్ర చూపించారు. అయిదు దేశాల పిల్లల లెక్కలతో 2019లో వచ్చిన అధ్యయనం జన్యువుల వాటా 80 శాతం దరిదాపుల్లో ఉందని తేల్చింది.

బెటెల్‌హైమ్ పోయాడు, నేరం మాత్రం వేషం మార్చుకుని మన ఇళ్లకొచ్చింది. "ఉద్యోగానికి పోతూ పిల్లోడి చేతిల ఫోన్ పెట్టినవ్, అందుకే ఇట్లయ్యిండు." దీనికిప్పుడు వర్చువల్ ఆటిజం అని పేరు కూడా ఉంది, యూట్యూబులో దాని మీద తెలుగు వీడియోలకు కొదవ లేదు. వైద్యులు వాడే వర్గీకరణల్లో ఆ పేరుతో జబ్బేదీ లేదు. వారెన్ జోన్స్, ఆమీ క్లిన్ 2013లో 'నేచర్'లో ప్రచురించిన అధ్యయనం ఇక్కడ గుర్తుంచుకోవాలి. పుట్టిన రెండో నెల నుంచీ పిల్లల చూపు ఎక్కడ ఆగుతోందో యంత్రంతో కొలుస్తూ వచ్చారు. తర్వాతి కాలంలో ఆటిజం నిర్ధారణ అయిన పిల్లలు రెండో నెలలో అందరిలాగే ఎదుటివారి కళ్లను చూశారు. రెండు నుంచి ఆరు నెలల మధ్య ఆ చూపు క్రమంగా తగ్గుతూ వచ్చింది. పరిశీలించిన పిల్లల సంఖ్య చిన్నదే. కానీ ఆ వయసులో పిల్లలు ఫోన్ పట్టుకోరు.

ఫోన్ పక్కన పెడితే పిల్లవాడు మెరుగయ్యాడని చెప్పే తల్లిదండ్రులు అబద్ధమాడటం లేదు. రోజుకు నాలుగు గంటలు స్క్రీన్‌కు పోతున్న సమయం మనుషులకు తిరిగొస్తే ఎవరికైనా మేలే. అంతమాత్రాన ఆటిజం తెచ్చింది ఫోనే అని కాదు. ఇదే ఊపులో ఇంకో మాట: మూలకణాల ఇంజక్షన్లతో ఆటిజం నయమవుతుందని లక్షలు తీసుకునే చోటికి వెళ్లకండి. ఆ చికిత్సను జాతీయ వైద్య కమిషన్ సిఫారసు చేయలేదు.

*

చూపు సంగతికి వద్దాం. "నా కళ్లల్లోకి చూడు, చూస్తేనే చాక్లెట్" అనే పాఠం ఇప్పటికీ చాలాచోట్ల నడుస్తోంది. పదిహేడును ఎనిమిదితో హెచ్చవేయమని ఎవరినైనా అడగండి, వాళ్ల చూపు సీలింగు మీదికి పోతుంది. ఆలోచనకు బరువు పెరిగినప్పుడు మెదడు ఎదుటి మొహాన్ని పక్కకు నెట్టేస్తుంది. ఆటిజం ఉన్న పిల్లలూ ఇదే పని చేస్తారని ప్రయోగాల్లో తేలింది. వాళ్లకు మామూలు సంభాషణే కొన్నిసార్లు ఆ హెచ్చవేతంత బరువు. దీనికి తోడు, నూషిన్ హజీఖానీ బృందం 2017లో చూపించినట్టు, ఆటిజం ఉన్నవాళ్ల దృష్టిని బలవంతంగా కళ్ల దగ్గర నిలిపితే మెదడు లోపలి భాగాల్లో, ప్రమాదాన్ని పసిగట్టే చోట్ల, అలజడి మామూలు కంటే ఎక్కువైంది. చూపు తిప్పుకోవడం వాళ్లకు ఊపిరి తీసుకోవడానికి దొరికే సందు. ఆ సందు మూసేసి మాట నేర్పాలనుకుంటే, నేర్చుకునే తీరికే వాళ్లకు ఉండదు.

మరి ఎక్కడ మొదలుపెట్టాలి? పిల్లవాడు దేన్ని చూస్తున్నాడో అక్కడ. మన మొహం వైపు వాడి చూపు తిప్పడం కంటే, వాడి చూపు ఉన్నచోటికి మనం వెళ్లి కూర్చోవడం తేలిక.

గోవాలోనూ పాకిస్తాన్‌లోని రావల్పిండిలోనూ కలిపి చేసిన 'పాస్' అనే ప్రయోగం ఈ పనిని లెక్కగట్టి చూసింది. 2016లో 'లాన్సెట్ సైకియాట్రీ'లో వచ్చింది. 65 మంది పిల్లలు, 2 నుంచి 9 ఏళ్ల వాళ్లు. నేర్పడానికి ఇళ్లకు వెళ్లింది డాక్టర్లూ స్పీచ్ థెరపిస్టులూ కాదు, శిక్షణ పొందిన మామూలు ఆరోగ్య కార్యకర్తలు. ఆరు నెలల్లో 12 సార్లు. వాళ్లు పిల్లవాడికి ఏమీ నేర్పలేదు. తల్లో తండ్రో పిల్లవాడితో ఆడుతుంటే కాసేపు వీడియో తీసి, ఆ వీడియోను వాళ్లతోనే కలిసి కూర్చుని చూశారు, అంతే.

ఆ వీడియోలో ఏం కనబడుతుందో మన ఇంట్లోనే చూడొచ్చు. పిల్లవాడు చాప మీద బొమ్మకారును తిరగేసి చక్రం తిప్పుతున్నాడు. అమ్మ పక్కన కూర్చుంది. "ఇదేంటి? కారు! కారు అను. ఏం కలర్? చెప్పు, రెడ్. రెడ్ కారు. ఎన్ని వీల్స్ ఉన్నాయి? వన్, టూ... ఇటు చూడు. కారు ఎట్ల పోతది? డుర్ర్... అట్ల కాదు, సీదాగ పెట్టి నడుపు." నిమిషంలో నాలుగు ప్రశ్నలు, నాలుగు ఆజ్ఞలు. వాడు చూస్తున్నది చక్రాన్ని, ఆమె మాట్లాడింది రంగు గురించీ అంకెల గురించీ. ఆ నిమిషంలో ఇద్దరూ ఒకే చాప మీద వేరువేరు చోట్ల ఉన్నారు. తెలుగిళ్లలో పిల్లలతో మాట్లాడటమంటే పరీక్ష పెట్టడమే కదా. "అంకుల్‌కి నమస్తే పెట్టు, ఆంటీకి రైమ్ చెప్పు, ఏనుగు ఎలా అరుస్తుంది?" మామూలు పిల్లలు ఈ పరీక్షల్ని ఎలాగో దాటేస్తారు. వీళ్లు దాటలేరు, చక్రంతో సహా గది మూలకు జరిగిపోతారు.

రెండో వీడియోలో ఆమె నోరు తగ్గించింది. వాడితో పాటు బోర్లా పడుకుంది. చక్రం తిరుగుతుంటే "గిర్... గిర్..." అంది. వాడు వేలితో ఆపాడు. "ఆగింది" అంది. మళ్లీ తిప్పాడు, మళ్లీ "గిర్". నాలుగోసారి వాడు చక్రాన్ని ఆపి, ఆమె నోటి వంక చూశాడు. ఆమె ఏమీ అనకుండా ఆగింది. వాడే అన్నాడు, సగం మాట: "గి". కళ్లలోకి చూడమని ఎవరూ అడగలేదు, నోటి వంక చూశాడు, అది చాలు. ఈ రెండు వీడియోలూ నేను కట్టిన ఉదాహరణలే గానీ, ఆ ప్రయోగం కొలిచింది సరిగ్గా ఇదే. అమ్మ మాట పిల్లవాడి చూపు ఉన్నచోట ఎన్నిసార్లు వాలింది, పిల్లవాడు తనంతట తాను ఎన్నిసార్లు మొదలుపెట్టాడు. రెండూ పెరిగాయి. విచిత్రంగా, ఇద్దరూ కలిసి ఒకేదాని మీద ధ్యాస నిలిపిన సమయం మాత్రం శిక్షణ తీసుకున్న ఇళ్లలోనే తగ్గింది. ఆ ఫలితాన్నీ వాళ్లు దాచకుండా ప్రచురించారు.

షాపూర్‌నగర్ లోనో గాజులరామారంలోనో ఒక గది ఇంట్లో ఇది ఎంతవరకు నడుస్తుందని అడిగేవాళ్లుంటారు. సరైన ప్రశ్నే. నాన్న పారిశ్రామికవాడలో నైట్ షిఫ్టు చేసొచ్చి పగలు నిద్రపోతుంటాడు, ఊరి నుంచి వచ్చి సాయం చేసే అత్తమ్మ ఉండదు, పక్కింటివాళ్లు బిహారు నుంచో ఒడిశా నుంచో వచ్చినవాళ్లు. అయినా ఈ పద్ధతికి కావలసింది ఒక చాప, ఒక ఫోను, రోజుకు అరగంట. బోయిన్‌పల్లి దాకా పిల్లవాణ్ణి ఎత్తుకుని బస్సెక్కి, వరసలో కూర్చుని తిరిగొచ్చే పూటతో పోలిస్తే ఇది అందుబాటులో ఉన్న పని. సెంటరు అక్కర్లేదని కాదు. సెంటరు వాళ్లు తల్లిదండ్రులను లోపలికి రానిస్తున్నారా లేదా అన్నది చూసుకోవాలి. తలుపు వేసేసి గంట తర్వాత పిల్లవాణ్ణి అప్పగించే చోట డబ్బు కట్టేముందు ఒకసారి ఆలోచించాలి.

ఇంకో సలహా ఈ ప్రాంతంలో తరచూ వినిపిస్తుంది: "ఇంట్లో ఒకే భాష మాట్లాడండి, ఇంగ్లీషే మాట్లాడండి, లేకపోతే పిల్లాడు కన్ఫ్యూజ్ అవుతాడు." దీనికి ఆధారం లేదు. కెనడాలో హ్యాంబ్లీ, ఫోంబోన్ 2012లో రెండు భాషల మధ్య పెరుగుతున్న ఆటిజం పిల్లల్ని ఒకే భాషలో పెరుగుతున్నవాళ్లతో పోల్చి చూశారు. రెండో భాష వల్ల అదనంగా వచ్చిన ఆలస్యమేమీ కనబడలేదు. తర్వాతి అధ్యయనాలూ ఇదే చెబుతున్నాయి. రాని ఇంగ్లీషులో తూచి తూచి మాట్లాడే తల్లి "కమ్, సిట్, ఈట్" దగ్గర ఆగిపోతుంది. అదే తల్లి తెలుగులో అయితే "గిర్" అంటుంది, బుజ్జగిస్తుంది, కసురుతుంది, పాడుతుంది. భాష మార్పించిన సలహా పిల్లవాడి నుంచి లాక్కున్నది ఆ రెండో మనిషినే.

*

లోర్నా వింగ్, జుడిత్ గౌల్డ్ 1979లో లండన్‌లోని కాంబర్‌వెల్ పిల్లల్ని చూసి, మనుషుల దగ్గర మెలిగే తీరును బట్టి మూడు రకాలుగా చెప్పారు. ఎవరినీ పట్టనట్టు ఉండేవాళ్లు, పిలిస్తే వచ్చి పిలవకపోతే ఊరుకునేవాళ్లు, తమంతట తామే మీదికొచ్చి వింతగా మాట్లాడేవాళ్లు. మూడో రకాన్ని మనం ఆటిజం అనుకోం. "వీడు అందరితో మాట్లాడతాడు కదా" అంటాం.

అలాంటి ఒక ఎనిమిదేళ్ల పిల్లవాణ్ణి చింతల్‌లో ఊహించండి. ఇంటికి ఎవరొచ్చినా వాడి మొదటి ప్రశ్న ఒకటే: "మీ బండి నంబరెంత?" చెబితే సంతోషం, ఆ నంబరు మళ్లీ మరిచిపోడు. 2024 మార్చిలో కొత్త బండ్లకు టీఎస్ పోయి టీజీ వచ్చినప్పుడు ఆ వీధిలో ఆ మార్పు గురించి అంత లోతుగా ఆలోచించినవాడు ఇంకొకడు ఉండడు. వచ్చినవాళ్లు ముచ్చటపడి రెండుసార్లు జవాబిస్తారు, మూడోసారికి విసుగు. అమ్మ సిగ్గుతో "వాడంతేనండి, ఏమీ అనుకోకండి" అని లోపలికి పంపేస్తుంది. థెరపీలో ఈ ప్రశ్న మానిపించి, "హలో, హౌ ఆర్ యూ" నేర్పుతారు. వాడు చిలకలా అంటాడు. జవాబు కోసం ఆగడు, ఎందుకంటే మీరెలా ఉన్నారన్న దాని మీద వాడికి ఆసక్తి లేదు. నిజం చెప్పాలంటే ఆ ప్రశ్న వేసే పెద్దవాళ్లకూ పెద్దగా ఉండదు.

బండి నంబరు ప్రశ్నను సంభాషణగా మార్చొచ్చు. వీధిలో టూవీలర్ మెకానిక్ షెడ్డు ఉందనుకుందాం. అతను "నా నంబరు చెప్త గానీ, నువ్వు ముందు గా ఎర్ర బండిది ఎక్కడి రిజిస్ట్రేషనో చెప్పు" అన్నాడంటే, అది వంతులవారీ మాట. ప్రశ్నకు ప్రశ్న. వాడు చెబుతాడు, ఎదురు అడుగుతాడు. ఇలా వారం నడిస్తే, "ఆ ఎర్ర బండి అన్న ఇయ్యాల రాలేదేంది?" అని వాడే అడగొచ్చు. నంబరు వెనకాల మనిషి ఉన్నాడని అప్పుడు వాడికి తట్టినట్టు. ఆటిజం ఉన్నవాళ్ల ధ్యాస సన్నగా, లోతుగా ఒకేచోట పారుతుందని డైనా ముర్రే, మైక్ లెస్సర్, వెన్ లాసన్ 2005లో ఒక వివరణ ఇచ్చారు. వెన్ లాసన్ స్వయంగా ఆటిజం ఉన్న పరిశోధకుడు. ఆ పారే చోటు నుంచి పక్కకు లాగితే పిల్లవాడికి అన్నీ ఒక్కసారి తెగిపోతాయి. మెకానిక్కు ఈ సిద్ధాంతం తెలియనక్కర్లేదు. వాడు ఎందుకలా అడుగుతాడో అమ్మ అతనికి ఒకసారి చెప్పి ఉంటే చాలు. సిగ్గుపడి లోపలికి పంపేస్తే ఆ మాట ఎప్పటికీ చెప్పలేదు.

పండగల సంగతి వేరుగా చెప్పాలి. శబ్దం, వాసన, వెలుగు వంటి వాటికి తీవ్రంగా స్పందించడాన్ని అమెరికన్ మానసిక వైద్యుల నిర్ధారణ గ్రంథం 2013లోనే ఆటిజం లక్షణాల్లో చేర్చింది, తల్లులకు అంతకు ముందే తెలుసు. జీడిమెట్లలో మందుల కంపెనీల ఘాటు గాలి, ప్రెస్సుల చప్పుడు ఎలాగూ ఉన్నాయి. ఆషాఢం వస్తే బోనాల డప్పులు, భాద్రపదంలో గణేశ్ మండపాల డీజే. పోతరాజు వస్తుంటే చెవులు మూసుకుని మంచం కిందికి దూరిన పిల్లవాణ్ణి చూసి "వీడికి మనుషులంటే పడదు" అని తీర్మానిస్తారు. వాడికి పడనిది ఆ డప్పు. తెల్లవారుజామున గుడి దగ్గర జనం పలచగా ఉన్నప్పుడు తీసుకెళ్లి, మేనత్త బోనం ఎత్తుకోవడం చూపించి, డప్పులు రాకముందే ఇంటికి తెస్తే వాడూ పండగలో ఉన్నట్టే. చెవులకు పెట్టుకునే మఫ్లు చవకగానే దొరుకుతాయి. వాటిని చూసి నవ్వే బంధువులకు సమాధానం చెప్పే పని తండ్రి తీసుకుంటే బాగుంటుంది. ఇళ్లలో ఆ పనీ తల్లికే వదిలేస్తున్నారు.

*

ఆటిజం ఉన్నవాళ్లకు ఎదుటివాళ్ల మనసు తెలియదన్న మాట 1985 నుంచి పాఠ్యపుస్తకాల్లో ఉంది. సైమన్ బారన్-కోహెన్, అలన్ లెస్లీ, యూటా ఫ్రిత్ రెండు బొమ్మలతో ఒక చిన్న కథ ఆడించారు. శాలీ తన గోళీని బుట్టలో పెట్టి బయటికి పోతుంది. యాన్ దాన్ని తీసి పెట్టెలో దాస్తుంది. శాలీ తిరిగొచ్చి ఎక్కడ వెతుకుతుంది? ఆటిజం ఉన్న 20 మంది పిల్లల్లో 16 మంది పెట్టెలో అన్నారు. శాలీకి ఆ సంగతి తెలియదని వాళ్లకు తట్టలేదు. గొప్ప ప్రయోగమే. దాని మీద కట్టిన మేడ మాత్రం ప్రయోగం మోయగలిగినదాని కంటే పెద్దది.

ఎందుకంటే తెలియకపోవడం రెండు వైపులా ఉంది. ఆటిజం ఉన్న, ఆటిజం ఉన్న కొడుక్కి తండ్రి కూడా అయిన సామాజిక శాస్త్రవేత్త డేమియన్ మిల్టన్ 2012లో అడిగింది ఇదే. మా మనసు మీకు తెలుస్తోందా? నోవా సాసన్ బృందం 2017లో ఈ రెండో వైపును పరీక్షించింది. ఆటిజం ఉన్న పెద్దవాళ్లు కొన్ని క్షణాలు మాట్లాడిన వీడియోలు చూపిస్తే, మామూలు మనుషులు వాళ్లతో కూర్చోవడానికీ స్నేహం చేయడానికీ అంతగా ఇష్టపడలేదు. అదే మాటల్ని అచ్చులో, మొహమూ గొంతూ లేకుండా ఇస్తే ఆ అయిష్టం మాయమైంది. చెప్పిన మాటలో లోపం లేదన్నమాట. 2020లో ఎడిన్‌బరోలో క్యాథరిన్ క్రాంప్టన్ బృందం ఒక కథను ఎనిమిది మంది చేత వరసగా ఒకరి నుంచి ఒకరికి చెప్పించింది. అందరూ ఆటిజం ఉన్నవాళ్లయిన వరసలో కథ మామూలు వాళ్ల వరసలో ఎంత మిగిలిందో అంతే మిగిలింది. ఇద్దరినీ కలిపిన వరసలోనే ఎక్కువ జారిపోయింది. తర్వాత ఇంకా ఎక్కువమందితో మళ్లీ చేస్తే కలిపిన వరసల్లో ఆ నష్టం కనబడలేదు కాబట్టి ఆ భాగాన్ని గట్టిగా పట్టుకోకూడదు. ఆటిజం ఉన్నవాళ్ల వరస మాత్రం రెండోసారీ ఎవరికీ తీసిపోలేదు.

బడికి ఇది ఏం చెబుతుంది? 2016 నాటి వికలాంగుల హక్కుల చట్టం ఆటిజాన్ని 21 వైకల్యాల్లో ఒకటిగా గుర్తించింది. 40 శాతం లేదా అంతకు మించిన వైకల్యం ఉన్న 6 నుంచి 18 ఏళ్ల పిల్లలకు దగ్గరలోని బడిలో గానీ, తమకు నచ్చిన ప్రత్యేక పాఠశాలలో గానీ ఉచితంగా చదివే హక్కు ఇచ్చింది. మండలాల్లో ప్రత్యేక అవసరాలున్న పిల్లల కోసం భవిత కేంద్రాలున్నాయి. ప్రైవేటు బడి గుమ్మం దగ్గర వినిపించే మాట వేరు: "షాడో టీచర్‌ను మీరే పెట్టుకుంటే తీసుకుంటాం." ఆ జీతం తల్లిదండ్రుల నెత్తిన పడుతుంది. పోనీ అప్పు చేసైనా పెట్టారనుకుందాం. ఆ టీచరు రోజంతా పిల్లవాడి పక్కనే కూర్చుంటే, పక్క బెంచీ పిల్లలకు వాడి దగ్గరికి వచ్చే దారి మూసుకుపోతుంది. అమెరికా పరిశోధకుడు మైకేల్ జియాన్‌గ్రెకో 1997లోనే ఈ సంగతి గమనించి రాశాడు.

కోనీ కాసారి బృందం లాస్ ఏంజెలెస్ ప్రాంతపు బడుల్లో 60 మంది ఆటిజం పిల్లలతో చేసిన ప్రయోగం 2012లో వచ్చింది. కొందరి విషయంలో పెద్దవాళ్లు ఆ పిల్లవాడికే ఆటలో కలవడం నేర్పారు. ఇంకొందరి విషయంలో వాడి జోలికి పోకుండా, తరగతిలోని ముగ్గురు పిల్లల్ని తీసుకుని, ఆటస్థలంలో ఒంటరిగా ఉన్నవాళ్లను ఎలా కనిపెట్టాలి, ఎలా పిలవాలి, రానంటే ఏం చేయాలి అన్నది నేర్పారు. ఫలానావాడి కోసమని చెప్పలేదు. ఆరు వారాలు, 12 తరగతులు. తోటిపిల్లలకు నేర్పిన చోట ఆటిజం ఉన్న పిల్లల్ని స్నేహితులుగా పేర్కొన్నవాళ్లు పెరిగారు, ఆటస్థలంలో ఒంటరితనం తగ్గింది. మూడు నెలల తర్వాత చూసినా ఆ మార్పు నిలిచే ఉంది.

ముగ్గురు పిల్లలకు ఆరు వారాలు నేర్పడానికి జీడిమెట్ల బడిలో అయ్యే ఖర్చు షాడో టీచర్ ఒక నెల జీతం కంటే తక్కువే అని నా అంచనా. దీన్ని ప్రిన్సిపల్‌కు చెప్పి ఒప్పించడం సులువు కాదు. తోటిపిల్లల తల్లిదండ్రులు మా పిల్లల చదువు పాడవుతుందంటారు. కనుక చిన్నగానే మొదలుపెట్టాలి. పేరెంట్స్ మీటింగులో మార్కుల కాగితం చేతికిచ్చాక క్లాస్ టీచర్ని ఒకటే అడగండి: "ఇంటర్వెల్‌లో మావాడు ఎక్కడుంటాడండీ, ఎవరితో ఉంటాడు?" చాలామంది టీచర్లు వెంటనే చెప్పలేరు, ఆ పావుగంట వాళ్లు స్టాఫ్‌రూములో ఉంటారు. పక్క బెంచీ పిల్లల్ని పిలిచి అడగమనండి. వాటర్ ట్యాంకు వెనకా, మెట్ల కిందా, సైకిల్ స్టాండులోనా, వాళ్లకు కచ్చితంగా తెలిసి ఉంటుంది. చెప్పినవాడి పేరు రాసుకోండి. ఆ ముగ్గురిలో మొదటివాడు వాడే కావచ్చు.